కర్ర పట్టుకున్న మాస్టారు: ల్వీవ్ కొలెస్సా గురించి మీ ప్రశ్నలు

పోయిన సంచికలో ఉక్రెయిన్ సంగీతం గురించి రాస్తూ, ల్వీవ్ నగరంలో 102 ఏళ్ళు బతికిన కండక్టర్ (అంటే చేతిలో చిన్న కర్రతో వాద్యబృందాన్ని నడిపే మనిషి), సంగీత గురువు మికోలా కొలెస్సా పేరు ఓ మూల నాలుగు లైన్లలో ప్రస్తావించాం. ప్రశ్నలన్నీ ఆ నాలుగు లైన్ల మీదే వచ్చాయి, మిగతా పేజీన్నర ఎవరూ పట్టించుకోలేదు. సరే, ఈసారి కాలమ్ మొత్తం ఆయనకే.

ప్రశ్న: ఉక్రెయిన్‌లో ఎంబీబీఎస్ చదువుతూ 2022లో యుద్ధం మొదలవగానే బ్యాగు ఒక్కటి తగిలించుకుని బయటపడ్డ బ్యాచ్ మాది. ల్వీవ్ మీదుగానే పోలండ్ సరిహద్దు దాటాం. ఆ ఊరంటే నాకు గుర్తున్నది రైల్వే స్టేషన్, చలి, తోపులాట. ఇంతకీ ఈ కొలెస్సా ఎవరు, ఏం చేశారు? (ఒక డాక్టరు, కాకినాడ)

జవాబు: డాక్టరుగారూ, మీరు చూసిన ఆ ఊళ్ళోనే ఆయన దాదాపు జీవితమంతా గడిపారు. పుట్టింది మాత్రం అక్కడికి దగ్గర్లోనే ఉన్న సంబీర్ అనే చిన్న పట్టణంలో, 1903 డిసెంబర్ 6న. అప్పటికి ఆ ప్రాంతమంతా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం కింద ఉండేది. కుర్రాడు పెద్దయ్యాక చదువుకు ప్రాగ్ వెళ్ళాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత చదువుకున్న ఉక్రెయిన్ వాళ్ళు చాలామంది అక్కడే చేరారు, వాళ్ళ పెదనాన్న ఒలెక్సాందర్ కొలెస్సా కూడా అక్కడి ఉక్రెయిన్ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టినవాళ్ళలో ఒకరు. మన మికోలా ప్రాగ్ కన్సర్వేటరీలో, అంటే ఉన్నత సంగీత విద్యాసంస్థలో, 1928లో పట్టా పుచ్చుకుని, ఆ తర్వాత వీతెజ్‌స్లావ్ నోవాక్ అనే పెద్ద చెక్ స్వరకర్త దగ్గర మరో మూడేళ్ళు నేర్చుకుని, 1931లో ల్వీవ్ తిరిగొచ్చి లిసెంకో సంగీత సంస్థలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆ సంస్థ కూడా 1903లో పుట్టిందే, ఇద్దరూ ఈడూ జోడూ.

అక్కణ్ణుంచి జాబితా పెద్దది. ల్వీవ్ ఫిల్హార్మోనిక్ అనే కచేరీ సంస్థలో సింఫనీ ఆర్కెస్ట్రా నడిపారు, యుద్ధం తర్వాత ఒపెరాలో, అంటే సంగీత నాటకశాలలో, కండక్టర్‌గా చేశారు, ట్రెంబీతా అనే పేరున్న గాయక బృందానికి సారథ్యం వహించారు, 1953 నుంచి 1965 దాకా ల్వీవ్ కన్సర్వేటరీకి రెక్టర్‌గా ఉన్నారు, అంటే మన లెక్కలో వైస్ ఛాన్సలర్ లాంటి పదవి. ఇవన్నీ చేస్తూనే రెండు సింఫనీలు, బోలెడన్ని బృందగానాలు రాశారు. కానీ నన్నడిగితే వీటన్నిటికంటే పెద్ద పని ఆయన క్లాసు రూములో చేశారు. 2006 జూన్ 8న ఆయన పోయేనాటికి పశ్చిమ ఉక్రెయిన్‌లో కర్ర పట్టుకున్న చాలామంది ఆయన దగ్గరో, ఆయన శిష్యుల దగ్గరో నేర్చుకున్నవాళ్ళే. కచేరీలు ఇచ్చే కండక్టర్లు ఐరోపాలో వీధికొకరు దొరుకుతారు గానీ కండక్టర్లను తయారుచేసేవాళ్ళు అలా దొరకరు.

ప్రశ్న: వాయించేవాళ్ళ ముందు స్వరాలు రాసిన కాగితాలు ఉన్నాయి, అందరికీ చదవడం వచ్చు. మధ్యలో ఈయన కర్ర ఊపడం దేనికండీ? మా కూచిపూడిలో నట్టువాంగం చేసే గురువుగారైతే తాళం వేస్తారు, నోటితో జతులు చెబుతారు. ఈయన నోరు కూడా మెదపడే! (నృత్య అధ్యాపకురాలు, విజయవాడ)

జవాబు: అమ్మా, మీ ప్రశ్న సగం జవాబు చెప్పేసింది. నట్టువాంగంలో తాళం చెవికి వినబడుతుంది. ఆర్కెస్ట్రాలో తాళం వినబడకూడదు, కంటికి మాత్రమే కనబడాలి. ఎందుకంటే ఎనభై మంది కూర్చునే వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు పదిహేడు మీటర్లుందనుకోండి, శబ్దం అటు చేరడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. చెవి మీద ఆధారపడి వాయిస్తే వెనక వరుస ట్రంపెట్లు ఎప్పుడూ ఆ ఇరవయ్యో వంతు వెనకే ఉంటాయి. హాల్లో కూర్చున్న మీకు అది గజిబిజిగా తెలిసిపోతుంది. కర్ర కొనకు ఆ ఇబ్బంది లేదు, అందరికీ ఒకేసారి కనబడుతుంది.

ఇదీ చిన్న సంగతే. అసలు సంగతి తాళం దెబ్బకు ముందు ఉంది. కండక్టర్లు దాన్ని ఆఫ్‌టాక్ట్ అంటారు, జర్మన్ మాట. స్వరం రావడానికి ఒక్క క్షణం ముందు చెయ్యి పైకి లేస్తుంది చూడండి, అదే. ఆ లేవడంలోనే లయ ఎంత వేగమో, ధ్వని ఎంత పెద్దదో, మొదలు మెత్తగా ఉండాలా గట్టిగా ఉండాలా అన్నదంతా చెప్పేయాలి, ఎందుకంటే ఆ క్షణంలోనే వేణువు వాడు ఊపిరి తీసుకుంటాడు, వయొలిన్ వాళ్ళు విల్లు పైకెత్తుతారు. చెయ్యి కిందికి వచ్చాక ఎంత ముఖం చిట్లించినా లాభం లేదు, అప్పటికే స్వరం పుట్టేసింది. కొలెస్సా 1960లో కీవ్‌లో 'కండక్టింగ్ సాంకేతిక మూలసూత్రాలు' అన్న అర్థం వచ్చే పేరుతో పాఠ్యపుస్తకం వేశారు, ఉక్రెయిన్ భాషలో ఈ విద్యకు వచ్చిన తొలి పాఠ్యపుస్తకంగా దాన్ని చెప్పుకుంటారు. కండక్టింగ్ అంటే పుట్టుకతో వచ్చే ఠీవి, చూపు, జుట్టు అనుకునేవాళ్ళ కాలంలో, కాదు, భుజం, మోచెయ్యి, మణికట్టు, వాటికి సాధన అని కూర్చుని రాయడం నాకు భలే నచ్చింది.

ఇక కచేరీ నాడు మీరు చూసేది ఫలితమే. పని రిహార్సల్లో అయిపోతుంది. క్లారినెట్ వాడి కాగితం మీద ఉన్న స్వరం ఒకటి, బయటికొచ్చే స్వరం ఇంకొకటి, హార్న్ వాడిదీ అంతే, వయోలా వాళ్ళు వేరే క్లెఫ్‌లో, అంటే గీతల మీద స్వరస్థానాలు చెప్పే వేరే గుర్తుతో, చదువుతారు. ఇరవై వరసలున్న పేజీలో ఇవన్నీ మనసులోనే మార్చుకుంటూ చదవడం, ఎవరు తప్పారో పట్టుకోవడం, వాడి పరువు పోకుండా సరిచేయడం, ఇదంతా కలిపితే ఆ ఉద్యోగం.

ప్రశ్న: తండ్రి పేరున్న మనిషి కాబట్టి ఈయన పైకొచ్చాడని ఎక్కడో చదివాను. నిజమేనా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: తండ్రి పేరున్న మనిషే. ఫిలారెట్ కొలెస్సా, వియన్నాలో చదువుకున్నాయన, జానపద సంగీత పరిశోధకుడు. కోబ్జార్లనే అంధ గాయకులు బందూరా అనే తీగవాద్యం వాయిస్తూ పాడే దుమాలనే వీరగాథలు కాలగర్భంలో కలిసిపోతాయేమోనని 1908లో ఫోనోగ్రాఫ్ మోసుకుంటూ తూర్పు ఉక్రెయిన్ వెళ్ళి మైనపు సిలిండర్ల మీద రికార్డు చేసుకొచ్చారు. ఖర్చు పెట్టుకున్నది కవయిత్రి లెస్యా ఉక్రైన్కా, ఆమె భర్త. వినగానే మన బుర్రకథ, జముకుల కథ వాళ్ళు గుర్తొస్తారు, మనవాళ్ళకు ఆ కాలంలో అలాంటి ఫోనోగ్రాఫ్ మనుషులు ఇంకొందరు ఉండి ఉంటే ఎంత బావుండేదో. కొడుక్కి దక్కిన ఆస్తి అది, ఇంట్లో ఆ పాటలు వింటూ పెరగడం. ఆర్కెస్ట్రా వాళ్ళు మాత్రం నాన్న పేరు చూసి లయ తప్పకుండా వాయించరు లెండి.

ప్రశ్న: ఆస్ట్రియా, పోలండ్, సోవియట్, మధ్యలో జర్మన్లు, మళ్ళీ సోవియట్, చివరికి స్వతంత్ర ఉక్రెయిన్. ఇన్ని రాజ్యాలు మారితే ఒక మనిషి అదే ఊళ్ళో అదే వృత్తిలో ఎలా నెగ్గుకొచ్చాడు? ఎవరి పాట వాళ్ళకు పాడాడా? (విశ్రాంత చరిత్ర లెక్చరర్, వరంగల్)

జవాబు: మాస్టారూ, గట్టి ప్రశ్న. సూటిగానే చెబుతాను.

1939 సెప్టెంబర్‌లో సోవియట్ సేనలు ల్వీవ్‌లోకి వచ్చాయి. ఆ డిసెంబర్‌కల్లా ఊళ్ళోని పోలిష్ కన్సర్వేటరీని, ఉక్రెయిన్ వాళ్ళ లిసెంకో సంస్థను కలిపేసి ఒకే ప్రభుత్వ కన్సర్వేటరీ చేశారు. దానికి డైరెక్టర్ వసీల్ బర్వీన్స్కీ. ఈయన కూడా ప్రాగ్ బాపతే, నోవాక్ శిష్యుడే, కొలెస్సా కంటే పదిహేనేళ్ళు పెద్ద. 1948 జనవరిలో బర్వీన్స్కీని అరెస్టు చేసి రష్యాలోని మొర్దోవియా లేబర్ క్యాంపులకు పదేళ్ళు పంపారు. ఆయన రాసిన సంగీతం చేతిరాత ప్రతులను కన్సర్వేటరీ ఆవరణలోనే తగలబెట్టారు. 1958లో తిరిగొచ్చిన మనిషి తన రచనలను జ్ఞాపకంలోంచి మళ్ళీ రాసుకునే ప్రయత్నం చేస్తూ 1963లో పోయారు. నిర్దోషి అని తేల్చింది ఆ మరుసటి ఏడాది.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1953లో కొలెస్సా రెక్టర్ కుర్చీలో కూర్చునేటప్పటికి, ఆ సంస్థ పాత డైరెక్టర్ ఇంకా క్యాంపులోనే ఉన్నారు. ఆ కుర్చీలో కూర్చోవాలంటే నోరు అదుపులో పెట్టుకోవాలి, పెట్టుకున్నారు. దాన్ని వీరత్వం అనలేం. అలాగని ద్రోహం అని తీర్పు చెప్పడానికీ నాకు నోరు రాదు, ఎందుకంటే కాగితాలు తగలబడ్డ ఆవరణలోనే ఆయన పన్నెండేళ్ళు రెక్టర్‌గా పనిచేసి, కుర్రాళ్ళకు ఆర్కెస్ట్రా నడపడం నేర్పారు. ఆయన రాసిన సంగీతం చూస్తే కొండ ప్రాంతాల హుత్సుల్, లెమ్కో జనం పాటల మీద అల్లినదే ఎక్కువ. జానపదం అంటే సోవియట్ అధికారులకు అభ్యంతరం తక్కువ, ఉక్రెయిన్ వాళ్ళకు అది తమ సొంతం. ఆ రెండింటి మధ్య ఉన్న ఇరుకు దారిలో నడిచారాయన. దేశం వదిలి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళను తప్పు పట్టను. కానీ అందరూ వెళ్ళిపోతే ఆ పిల్లలకు పాఠం ఎవరు చెప్పేవారన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే కదా.

ప్రశ్న: నేను కర్ణాటక సంగీతం చెబుతాను. శిష్యుడికి వీణ ఇచ్చి వాయించమంటాం. మరి కండక్టర్ శిష్యుడికి ఏమిస్తారు? రోజూ ఓ ఆర్కెస్ట్రాను ఇంటికి పిలవలేరుగా! (రాజమండ్రి)

జవాబు: రెండు పియానోలు ఇస్తారండి. తమాషా కాదు. అక్కడి కన్సర్వేటరీల్లో కండక్టింగ్ క్లాసంటే ఓ గది, రెండు పియానోలు, వాటి ముందు ఇద్దరు పియానిస్టులు. ఆర్కెస్ట్రా మొత్తం స్వరాలనూ పియానోకు కుదించి రాసిన కాగితం వాళ్ళ ముందుంటుంది. శిష్యుడు స్టాండు ముందు నిలబడి వాళ్ళను కండక్ట్ చేస్తాడు. వాళ్ళు సంస్థ జీతం మీద పనిచేసే పాతకాపులు, కుర్రాడు తప్పుగా చెయ్యి ఊపితే ఆ తప్పునే అచ్చంగా వాయించి చూపిస్తారు. గురువు పక్కన కూర్చుని ఆపుతుంటాడు. లేని ఫ్లూటు ఎడమ పక్కన ఉందనుకుని అటు తిరిగి సైగ చేయాలి, లేని బేసుల వైపు చూడాలి. నిజం ఆర్కెస్ట్రా ముందు నిలబడే అవకాశం చదువు మొత్తం మీద కొద్దిసార్లే వస్తుంది.

అక్కడికి రావడమే పెద్ద ప్రయాణం. చిన్నప్పుడు ఏడెనిమిదేళ్ళ సంగీత పాఠశాల, తర్వాత నాలుగేళ్ళ సంగీత కళాశాల, ఆపైన ఐదేళ్ళ కన్సర్వేటరీ. చాలామంది ముందు గాయక బృందాలను నడపడం నేర్చుకుని అటునుంచి ఆర్కెస్ట్రాకు వస్తారు. కొలెస్సా కూడా 1930ల్లో ల్వీవ్ గాయక బృందాలతో విపరీతంగా పనిచేసినవారే. గాయకుల దగ్గర నేర్చుకున్నవాడికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలుస్తుంది, ఆర్కెస్ట్రాకూ అదే కావాలి.

మీ శిష్యుల్లో ఎవరికైనా ఈ పని కళ్ళారా చూడాలని ఉంటే ఉక్రెయిన్ దాకా పోనక్కర్లేదు, మన సినిమా నేపథ్య సంగీతం తీగవాద్యాలతో రికార్డు చేసే చోట కూడా ఒకాయన స్టాఫ్ నొటేషన్ అనే పాశ్చాత్య స్వరలిపి కాగితం ముందేసుకుని నిలబడి చెయ్యి ఊపుతూనే ఉంటారు. పేరు మాత్రం పోస్టర్ మీద ఉండదు.

ప్రశ్న: ఆయన శిష్యుల్లో పేరు తెచ్చుకున్నవాళ్ళెవరు? (ఇద్దరు ముగ్గురు అడిగారు)

జవాబు: ఒక్కరి గురించి చెప్పాలంటే స్టెఫాన్ తుర్చాక్. మొదటి ప్రశ్న అడిగిన కాకినాడ డాక్టరుగారూ, మీరు షెహీనీ దగ్గర సరిహద్దు దాటి మెడికా వైపు వెళ్ళి ఉంటే, ఆ పక్కనే పెషెమిషల్ పట్టణం వస్తుంది, దానికి దగ్గర్లోని ఓ పల్లెలో పుట్టాడు తుర్చాక్, 1938లో. యుద్ధం అయ్యాక సరిహద్దు గీత మారి, అటువైపు ఉక్రెయిన్ కుటుంబాలను సోవియట్ వైపుకు తరలించినప్పుడు వీళ్ళ కుటుంబమూ వచ్చేసింది. ల్వీవ్ కన్సర్వేటరీలో కొలెస్సా క్లాసులో చదివి 1962లో బయటికొచ్చాడు. మరుసటి ఏడాదే కీవ్‌లో ఉక్రెయిన్ ప్రభుత్వ సింఫనీ ఆర్కెస్ట్రాకు ముఖ్య కండక్టర్. వయసు పాతికేళ్ళు! నలభై ఏళ్ళ సర్వీసున్న వయొలిన్ వాళ్ళను పాతికేళ్ళ పల్లెటూరి కుర్రాడు నడపడమంటే మాటలా, కొలెస్సా నేర్పిన చేతి పనికి అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది. 1967లో కీవ్ ఒపెరా ముఖ్య కండక్టర్ అయ్యాడు, మధ్యలో కొన్నాళ్ళు వదిలి మళ్ళీ వచ్చి చివరిదాకా అక్కడే. కీవ్ కన్సర్వేటరీలో పాఠాలూ చెప్పాడు. 1988లో యాభై ఏళ్ళకే పోయాడు. గురువు అప్పటికి ఎనభై నాలుగేళ్ళవాడు, ఆపైన ఇంకో పద్దెనిమిదేళ్ళు బతికాడు. కీవ్‌లో యువ కండక్టర్ల పోటీ ఒకటి తుర్చాక్ పేరు మీద పెట్టారు.

ల్వీవ్ ఒపెరాను ఏళ్ళ తరబడి నడిపిన యూరీ లుత్సివ్, కీవ్ ఒపెరాలో పనిచేసిన ఇవాన్ హమ్కాలో, వీళ్ళూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే.

ప్రశ్న: అన్నీ మగవాళ్ళ పేర్లే చెబుతున్నారు! (బీటెక్ విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: తల్లీ, నిజమే. మొన్నమొన్నటిదాకా అక్కడా అదే పరిస్థితి. ఇప్పుడు ప్రపంచానికి తెలిసిన ఉక్రెయిన్ కండక్టర్ పేరు చెప్పమంటే మాత్రం ఎవరైనా ముందు చెప్పేది ఒక స్త్రీ పేరే, ఒక్సానా లీనివ్. 1978లో ల్వీవ్ దగ్గర బ్రోదీ అనే చిన్న ఊళ్ళో పుట్టింది, తండ్రి గాయక బృందాల కండక్టర్. కొలెస్సా రెక్టర్‌గా ఉన్న ఆ సంస్థలోనే చదివింది, అప్పటికి దాన్ని అకాడమీ అంటున్నారు. 2004లో జర్మనీలోని బాంబెర్గ్‌లో స్వరకర్త మాలర్ పేరిట జరిగే కండక్టర్ల పోటీలో మూడో బహుమతి వచ్చింది. తర్వాత డ్రెస్డెన్‌లో మళ్ళీ చదువు, ఒడెసా ఒపెరాలో ఐదేళ్ళు, మ్యూనిక్‌లో సహాయకురాలిగా నాలుగేళ్ళు, ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో ముఖ్య కండక్టర్. 2021లో జర్మనీలోని బైరాయిట్ ఉత్సవంలో జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరా కండక్ట్ చేసింది. 1876లో మొదలైన ఆ ఉత్సవంలో ఆర్కెస్ట్రా ముందు ఒక స్త్రీ నిలబడటం అదే మొదటిసారి, 145 ఏళ్ళు పట్టింది! మరుసటి ఏడాది ఇటలీలో బొలోన్యా ఒపెరాకు సంగీత దర్శకురాలైంది, ఇటలీ పెద్ద ఒపెరా సంస్థల్లో ఆ పదవి ఎక్కిన మొదటి స్త్రీ కూడా ఆమే.

బహుమతి వచ్చినప్పుడు ఆమెకు ఇరవై ఆరు, బైరాయిట్ నాటికి నలభై మూడు. మధ్యలో చదువూ, సహాయకురాలి ఉద్యోగాలూ, ఇతరుల రిహార్సళ్ళూ చాలానే ఉన్నాయి. ఇంకో సంగతి, ఉక్రెయిన్ నలుమూలల నుంచి 12 నుంచి 22 ఏళ్ళ లోపు పిల్లలను ఏరి ఒక యువ సింఫనీ ఆర్కెస్ట్రా కట్టింది. యుద్ధం మొదలైన తొలి వారాల్లో ఆ పిల్లల్లో చాలామంది స్లొవేనియాలోని ల్యుబ్లియానాలో తలదాచుకుని అక్కడే కలిసి సాధన చేశారు. వేదిక మీద ఎక్కినంత ఎక్కి, వెనక్కి తిరిగి పిల్లల దగ్గరికి వచ్చే అలవాటు ఆ ఊరి గాలిలో ఉన్నట్టుంది.

ప్రశ్న: బాంబులు పడుతుంటే సంగీతం ఎవరు వింటారండీ? (అనంతపురం)

జవాబు: వింటున్నారు. హాల్లో షెల్టరుకు సరిపడా మందికే టికెట్లిచ్చి, సైరన్ మోగితే ఆపి, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టి మరీ. కీవ్ సింఫనీ ఆర్కెస్ట్రా 2022లో విదేశీ పర్యటనకు బయల్దేరి జర్మనీలోని గెరా పట్టణంలో కుటుంబాలతో సహా తలదాచుకుంది. అందరికీ అంత అదృష్టం లేదు. ఖెర్సన్ నగరం రష్యా చేతిలో ఉన్నప్పుడు, 2022 అక్టోబర్ 1న అక్కడ కచేరీ పెట్టి అంతా ప్రశాంతంగా ఉందని చూపించాలనుకున్నారు. ఆ ఊరి ఫిల్హార్మోనిక్ చాంబర్ ఆర్కెస్ట్రా ముఖ్య కండక్టర్ యూరీ కెర్పతెంకో అందులో పాల్గొననన్నాడు. ఆయన్ను ఇంట్లోనే కాల్చి చంపారని ఉక్రెయిన్ సాంస్కృతిక శాఖ ప్రకటించింది. వయసు నలభై ఆరు. దీని మీద నేను వ్యాఖ్య రాయలేను.

ప్రశ్న: కొలెస్సా సంగీతం వినాలంటే దేనితో మొదలుపెట్టాలి? పాశ్చాత్య సంగీతం మాకు కొత్త. (దంపతులు, డాలస్)

జవాబు: సింఫనీలతో వద్దు. తీగవాద్యాల కోసం రాసిన 'పర్వతాల్లో' అన్న సూట్‌తో (కొన్ని భాగాలు వరసగా వచ్చే వాద్య రచన) మొదలుపెట్టండి. చిన్న చిన్న భాగాలు, హుత్సుల్ కొండ పాటల వాసన, లయ మీ కాలిని ఊరుకోనివ్వదు. అది ఎక్కితే 1928లో ప్రాగ్‌లో చదువు ముగిస్తూ రాసిన 'ఉక్రెయిన్ సూట్'. బృందగానం ఇష్టమైతే 'లెమ్కో పెళ్ళి', పెళ్ళి తంతు మొత్తం పాటల్లో నడుస్తుంది, అప్పగింతల చోట భాష తెలియకపోయినా తెలిసిపోతుంది. యూట్యూబులో కాస్త వెతకాల్సి ఉంటుంది, పేర్లు ఉక్రెయిన్ లిపిలో కొడితే త్వరగా దొరుకుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, మంద్రస్థాయి తీగల ధ్వని ఫోన్ స్పీకర్‌లో సగం పోతుంది.